మగవాళ్లు నోరు విప్పేదాకా ఆగిన మనిషి

మా మందుల షాపు బాబాయి పోయిన సోమవారం తెల్లవారకముందే కన్నుమూశారు. వారం రోజులు జ్వరం, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నిమ్ము. డెబ్బై ఎనిమిదేళ్లు. తమ్ముడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి "అక్కా, బాబాయి పోయిండు" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరమూ ఫోను పెట్టెయ్యలేదు.

ఆయన ఇంటి ముందు ఒక సంగతి చూశాను. బంధువులు ఓ పాతిక మంది ఉంటారు. సందుకు అవతలి వైపు, గోడ వారగా, ఇంకో ముప్పై మంది మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరికి వారే వచ్చినట్టున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. కొందరి చేతుల్లో హెల్మెట్లు. ఒక ఆటో డ్రైవరు ఖాకీ చొక్కాతోనే వచ్చాడు.

"వీళ్లంతా ఎవరక్కా? నాన్న ఎప్పుడూ చెప్పలేదే" అని ఆయన కూతురు నన్ను అడిగింది.

"షాపుకి వచ్చేవాళ్లమ్మా" అన్నాను. అంతకు మించి చెప్పే హక్కు నాకు లేదు. వాళ్లలో మా తమ్ముడూ ఒకడు కాబట్టి మా ఇంటి సంగతి వరకు రాస్తున్నాను. రాయమన్నది కూడా వాడే. "రాయి అక్కా. నా గురించే రాయి. నా అసొంటోడు ఇంకొకడు సదువుతడు" అన్నాడు.

వరసకు బాబాయి మాకేమీ కారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అమీర్‌పేటలో మా సందు మొదట్లో షాపు పెట్టుకున్నారు. మేం మెదక్ వైపు వ్యవసాయం వదిలి వచ్చినవాళ్లం. ఆయన మాట్లాడితే మా అమ్మకు నవ్వొచ్చేది. మా అమ్మ "గదే, తెల్లగుంటది సూడు" అంటే చాలు, ఏ బిళ్ళో ఆయనకు తెలిసేది. నన్ను పెద్దమ్మాయి అనేవారు. నా జుట్టు నెరిసినా పిలుపు మారలేదు.

ఆయన్ను తలుచుకుంటే నాకు ఏడేళ్ల కిందటి ఒక గురువారం ఉదయం గుర్తొస్తుంది. ఏ ప్రత్యేకతా లేని ఉదయమే. ఐదింటికి లేచాను. నల్లా వచ్చే రోజు కాబట్టి ముందు డ్రమ్ములు నింపాను. స్నానం చేసి, దీపం పెట్టి, సహస్రనామం చదువుకున్నాను. ఉప్మా చేశాను. అమ్మ బీపీ బిళ్ళల పట్టీలో ఒక్కటే మిగిలింది, అది ఇచ్చాను. తమ్ముడికి డబ్బా కట్టాను. వాడు దగ్గరలోనే కంప్యూటర్ కోర్సులు చెప్పే ఒక సంస్థలో ల్యాబ్ చూసుకుంటాడు. నిలబడే నాలుగు ముద్దలు తిని, డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. మూడు నెలలుగా అంతే. ఇంట్లో వాడి గొంతు వినపడటం లేదు.

మూడు నెలల కిందట మరదలు బల్కంపేటలో పుట్టింటికి వెళ్లింది. వెళ్లింది అనడం కంటే మేం పంపామనడం నిజం. పెళ్లయి ఆరేళ్లు, పిల్లలు లేరు. పంజాగుట్టలో ఒక లేడీ డాక్టరు, ఆమె తర్వాత ఇంకొకరు, తర్వాత ఇంకొకరు, మరదలికి మూడుసార్లు స్కానింగ్ చేశారు. అన్నీ బాగున్నాయన్నారు. ముగ్గురూ ఒకే మాట చెప్పారు, మీ ఆయన్ని తీసుకురండి అని. ఆ మాట ఇంట్లో చెబితే మా అమ్మ, "మొగోనికేం రోగముంటది? మంచిగ తింటున్నడు, నౌకరి చేస్తున్నడు" అంది. తమ్ముడు తలెత్తలేదు. నేను అమ్మను కాదనలేదు. నా భర్త పోయాక పుట్టింట్లోనే ఉంటూ, ఖైరతాబాద్ ఆఫీసుకు వెళ్లొస్తూ, ఇంటి పెద్ద నేనే అనుకునేదాన్ని. ఆ పెద్దరికంతో నేను చేసిందల్లా మరదలి చేత పదకొండు మంగళవారాలు ఉపవాసం ఉంచి ఎల్లమ్మ గుడి చుట్టూ తిప్పడం.

ఆ గురువారం సాయంత్రం ఆరింటికి మరదలి తండ్రి, మేనమామ రావలసి ఉంది. కాపురం తెంపేసుకోవడం గురించి మాట్లాడటానికి.

తొమ్మిది దాటాక అమ్మ బిళ్ళల కోసం షాపుకు వెళ్లాను. షాపంటే ఇద్దరు పక్కపక్కన నిలబడితే నిండిపోయేంత. రెండు వైపులా కోచింగ్ సెంటర్లు, పైన హాస్టలు. కాగితాల కట్టలు పట్టుకున్న పిల్లలు పొద్దున్నే గ్యాస్ బిళ్ళ కోసం, తలనొప్పి బిళ్ళ కోసం వస్తుంటారు. ఆడవాళ్లు వస్తే బాబాయి లోపలి బల్ల మీద కూర్చోమనేవారు. పట్టీలోంచి నాలుగు బిళ్ళలు కత్తిరించాల్సి వస్తే, గడువు తేదీ ఉన్న ముక్క చివరిదాకా మిగిలేలా రెండో వైపు నుంచి కత్తిరించేవారు. ఎంత తొందరలోనూ ఆ వైపు మారలేదు.

నేను బల్ల మీద కూర్చున్నాక ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. నా వైపు చూసి, "దగ్గు బిళ్ళలు ఇయ్యుండ్రి" అన్నాడు. తీసుకున్నాడు. వెళ్లలేదు. పౌడర్ డబ్బా ఒకటి తీసి వెనక రాసినదంతా చదివాడు. పిల్లలు వెళ్లిపోయాక గాజు బల్ల మీదకు వంగాడు.

"అంకుల్, ఒక ట్యాబ్లెట్ కావాలె. నాకు గాదు, దోస్తుకు."

బాబాయికి ఏ ట్యాబ్లెట్టో అడగాల్సిన పని లేకపోయింది. "మీ దోస్తు వయసెంత బాబూ?"

"నా అంతనే."

"షుగరుందా?"

"తెల్వది."

"గుండెకేమైనా వాడతాడా? నాలిక కింద పెట్టుకునే బిళ్ళ?"

"గవన్ని నాకేమెరుక అంకుల్? జర ఇయ్యరాదు, డ్యూటీకి లేటైతుంది."

"అయితే దోస్తు చెయ్యి ఇటివ్వు."

ఆయన చుట్టూ చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను. చొక్కా చెయ్యి పైకి మడిచి స్టూలు మీద కూర్చున్నాడు. బాబాయి పట్టీ చుట్టి బీపీ చూసి, మళ్లీ చూశారు.

"మీ దోస్తుని ఇవాళే డాక్టరు దగ్గరికి పంపు. బీపీ చాలా ఉంది. ఆ బిళ్ళ డాక్టరు రాస్తేనే ఇస్తాను."

"పక్క షాపుల ఊకనే ఇస్తరు."

"ఇస్తారు బాబూ. అందుకే కూర్చోబెట్టి చెప్తున్నా. ఇది బలం తగ్గడం కాదు, మగతనం తగ్గడం అంతకన్నా కాదు. రక్తం పోయే సన్నటి గొట్టాలు పాడైతే అక్కడ ముందు తెలుస్తుంది. గుండెకి తర్వాత తెలుస్తుంది. ముందు తెలిసినవాడు అదృష్టవంతుడని చెప్పు మీ దోస్తుకి."

చీటీ మీద బీపీ అంకె రాసి, రోడ్డు మీద ఎవరికీ కనపడకుండా నాలుగు మడతలు పెట్టి ఇచ్చారు. ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. దగ్గు బిళ్ళలు బల్ల మీదే మరిచిపోయాడు.

నాకు అర్థం కాలేదని కాదు. ఇలాంటివి అర్థం కానట్టు కూర్చోవడం మా ఆడవాళ్లకు అలవాటు.

ఈ పట్టింపు ఆయనకు మొదటి నుంచీ లేదట. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి చెప్పారు. ఆ బిళ్ళలు కొత్తగా వచ్చిన రోజుల్లో, అడిగినవాడికల్లా ఇచ్చేవారు. సిగ్గుపడుతున్న మనిషిని ప్రశ్నలడగడం మర్యాద కాదనుకునేవారు. తెలిసినాయన ఒకరు దోస్తు కోసమే అని తీసుకెళ్లారు. ఆయన గుండెజబ్బుకు నాలిక కింద బిళ్ళ వాడేవారు. ఆ రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. ఆయన మళ్లీ లేవలేదు. ఏం మింగాడో ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ తెలియదు. "నేను మర్యాద చూశాను పెద్దమ్మాయ్, మనిషిని చూడలేదు" అన్నారు బాబాయి. అప్పటినుంచి దోస్తులందరి చేతులూ చూడటం మొదలుపెట్టారు. కొందరు కోపంతో వెళ్లిపోయి మళ్లీ రాలేదు. వెళ్లినవాళ్ల గురించే ఎక్కువ బాధపడేవారు.

ఆ ఇబ్బందికి ఆయన ఎప్పుడూ పేరు పెట్టేవారు కాదు. 'ఆ ఇబ్బంది' అనేవారు. "అది మోకాలి నొప్పి లాంటిదేనమ్మా. కాకపోతే మోకాలి నొప్పికి ఎవరూ ఇంకొకరి పేరు చెప్పుకుని రారు" అనేవారు.

ఆ ఉదయం నా వంతు వచ్చింది. అమ్మ బిళ్ళలు ఇస్తూ, "మొహం అలా ఉందేంటి?" అని అడిగారు. సాయంత్రం పెద్దమనుషులు వస్తున్నారని చెప్పాను. కత్తెర పట్టుకున్న చెయ్యి ఆగింది.

"తమ్ముడేమంటున్నాడు?"

"ఏమంటలేడు బాబాయ్. అమ్మ ఎట్లంటే అట్ల. నేను చేయాల్సింది నేను చేసిన. పదకొండు వారాలు ఎల్లమ్మకు మొక్కించిన ఆ పిల్లతోని."

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదకు జరుపుకున్నారు. "అమ్మవారికి అర్జీ పెట్టేముందు ఎవరి తరఫున పెడుతున్నామో కనుక్కోవాలి పెద్దమ్మాయ్" అన్నారు.

నాకు కొంచెం కోపం వచ్చింది. "మీకేమన్న తెల్సా?" అన్నాను.

"నాకు తెలిసినవి నేను అమ్మే సరుకు కాదు తల్లీ" అన్నారు. అంతే. నేను ఆఫీసుకు వెళ్లిపోయాను.

ఆ తర్వాత జరిగింది తమ్ముడు చెప్పాక తెలిసింది. మధ్యాహ్నం పన్నెండింటికి బాబాయి షాపు షట్టరు సగం దించి, మా తమ్ముడు పనిచేసే చోటికి నడిచి వెళ్లారు. అన్నేళ్లలో ఆయన ఒక మనిషిని వెతుక్కుంటూ వెళ్లడం అదే మొదటిసారి. ఎవరు వచ్చినా షాపుకే రావాలి, వాళ్లంతట వాళ్లే చెప్పాలి, అదీ ఆయన పద్ధతి. మూడో అంతస్తుదాకా మెట్లెక్కి, ఖాళీగా ఉన్న ల్యాబులో ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ఆయాసం తీర్చుకున్నారట.

తమ్ముడు అప్పటికి రెండు నెలల కిందటే ఆయన దగ్గరికి వెళ్లాడు. మూడేళ్లుగా వాడికి ఆ ఇబ్బంది ఉంది. అది చిన్ననాటి తప్పుల వల్ల వస్తుందని ఎక్కడో విన్నాడు. కంప్యూటర్ల వేడి వల్లని ఒక స్నేహితుడు, ఉల్లిగడ్డలు తింటే పోతుందని ఇంకొకడు. షుగరు వల్ల కావచ్చని ఒక్కరూ అనలేదు. చివరికి బస్టాపు గోడ మీద 'రహస్య రోగాలకు' అని అంటించిన కాగితం చూసి ఒకడి దగ్గరకు వెళితే, వాడు పొడి ఇచ్చి తేనెలో కలుపుకోమన్నాడు. అది తిన్న రోజు గుండె దడదడలాడి, మొహం ఎర్రబడి, భయపడి బాబాయి దగ్గరకు పరుగెత్తాడు.

"బాబాయ్, లైట్లన్ని నీలం నీలం కనిపిస్తున్నయ్."

"ఏ వేరూ, ఏ మూలికా లైట్లని నీలం చెయ్యదురా. ఆ బిళ్ళే నూరి కలిపాడు. ఎన్ని బిళ్ళలు కలిపాడో వాడికే తెలియదు" అని, వేలు పొడిచి షుగరు చూశారు. మూడు వందల నలభై. వాడికి ముప్ఫై ఎనిమిదేళ్లు, ఒక్కసారీ పరీక్ష చేయించుకోలేదు. ఆయన చీటీ రాసిస్తే పంజాగుట్టలో షుగరు డాక్టరు దగ్గరకు వెళ్లాడు, మందులు మొదలుపెట్టాడు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఆ మందులు ఆఫీసు సొరుగులో దాచుకున్నాడు.

ల్యాబులో వాళ్లిద్దరి మధ్య మాటలు తమ్ముడు చెప్పినట్టే రాస్తాను.

"ఇవాళ సాయంత్రం మీ ఇంట్లో ఏం జరుగుతోందిరా?" అన్నారు బాబాయి.

"అక్క చెప్పిందా?"

"ఆ అమ్మాయికేం లోపం లేదని నీకు తెలుసు. నాకు తెలుసు. డాక్టరుకి తెలుసు. ముగ్గురం మగాళ్లం నోరు మూసుకుని కూర్చున్నాం."

"నలుగురిల ఎట్ల చెప్పాలె బాబాయ్? నా పరువేం గావాలె?"

"నీ పరువు కోసం ఆ పిల్ల ఎక్కడ నిలబడాలో చెప్పు మరి. నేనొచ్చి చెప్పను. నీ ఒంటి సంగతి నువ్వే చెప్పాలి. కానీ ఇవాళ చెప్పకపోతే, రేపు నా షాపుకి రాకు."

ఆ చివరి మాట అని లేచి, మెట్ల దగ్గర ఆగి, "వస్తే మందిస్తాను లేరా. మందు మానకు" అన్నారట. బెదిరించడం కూడా ఆయనకు సరిగా చేతకాదు.

ఆ రెండు నెలల మౌనం గురించి నేను ఒకసారి ఆయన్ను నిలదీశాను. ముందే నాతో ఒక్క మాట అంటే మేం ఆ పిల్లను అన్ని మాటలనేవాళ్లం కాదు కదా అని. "నేను చెప్పుంటే మీరు వాణ్ణి ఈడ్చుకెళ్లేవాళ్లు. ఆ తర్వాత ఏ మగాడూ నా దగ్గర నోరు విప్పడు" అన్నారు. కాసేపటికి, "అయినా ఆ పిల్ల దగ్గర నాది ఆలస్యమే. తప్పు నాదే" అన్నారు. ఆయన తప్పు ఒప్పుకునే తీరు అలా ఉండేది. దానికి ముందూ వెనకా ఏమీ చేర్చేవారు కాదు. పోయిన నెలలో చూడటానికి వెళ్తే చెవి సరిగా వినపడటం లేదు. నన్ను గుర్తుపట్టి, అడిగింది ఒక్కటే: "తమ్ముడి షుగరు ఎంతుంది?"

ఆ గురువారం సాయంత్రం వాళ్లు ఆరింటికే వచ్చారు. మరదలి తండ్రి బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కుర్చీ అంచున కూర్చున్నారు. మేనమామ పెద్దమనిషిగా మధ్యలో కూర్చున్నారు. వాళ్లతో వచ్చిన మరదలు నన్ను పలకరించి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. చాయ్ ఇచ్చాను. ఎవరూ తాగలేదు.

"ఇగ ముచ్చట మొదలు వెడదామా" అన్నారు మేనమామ.

"ఏముందన్నా? ఆరేండ్లు చూసినం. ఇంకెన్నేండ్లు చూడాలె?" అంది అమ్మ.

అప్పుడే తమ్ముడు వచ్చాడు. చెప్పులు విప్పి, కూర్చోకుండా, తలుపు దగ్గరే నిలబడ్డాడు. "అమ్మా, జర ఆగు. నేను మాట్లాడాలె" అన్నాడు. మూడు నెలల తర్వాత వాడి గొంతు విన్నాను.

"ఆమెకేం లేదు. నాకుంది. షుగరుంది నాకు. దాంతోని మూడేండ్ల సంది నేను సంసారానికి పనికొస్తలే. మందులు వాడుతున్న. తగ్గొచ్చు అన్నడు డాక్టరు."

"నోరు ముయ్ రా!" అంది అమ్మ. "మొగోనివి. గిట్లెవలన్న చెప్పుకుంటరా?"

"చెప్పుకోకనే గిక్కడిదాక వచ్చిందమ్మా."

మరదలి తండ్రి నేల చూస్తూ, "నా బిడ్డను మూడు తాపల స్కానింగుకు పండవెట్టిండ్రు" అన్నారు. గట్టిగా అనలేదు.

అమ్మ మరదలి వైపు తిరిగింది. "నీకు తెల్సు గద బిడ్డా. ఎందుకు చెప్పలే?"

"ఆయన చెప్తడేమోనని చూసిన అత్తమ్మా" అంది మరదలు. "నేను చెప్తే మొగని పరువు తీసిన దాన్నైత. చెప్పకుంటే గొడ్రాలిని. ఏదైతే ఏందని ఊకున్న."

నేను లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. మేనమామ చల్లారిన చాయ్ తీసుకుని ఒక్క గుక్కలో తాగేశారు. "నేనొచ్చిన పని లేకపాయె. మంచిగైంది" అన్నారు. ఆయనే మొదట నవ్వారు.

ఆ సాయంత్రం మేం నిర్ణయించుకున్నవి ఇవి. తెంపుల మాట ఇక ఎవరూ ఎత్తకూడదు. శనివారం తమ్ముడు, మరదలు కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఆయన చెప్పేది ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వినాలి. మరదలు వెంటనే రాదు. ఆమెకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడే వస్తుంది, రమ్మని ఎవరూ తొందర పెట్టకూడదు. ఇది ఆమె తండ్రి అడిగింది, అమ్మ ఒప్పుకుంది. బాబాయికి ఎవరు చెప్పాలన్నప్పుడు, నేనే చెప్తా అన్నాడు తమ్ముడు.

చివరిది అమ్మ తనంతట తానే అన్నది. "నేను మస్తు మందికి చెప్పిన, కోడలికి పిల్లలు గారని. చెప్పిన ప్రతి ఇంటికి పోయి, ఆమెకేం లేదని చెప్పొస్త."

"రోగం పేరు చెప్పకుండ్రి అత్తమ్మా. నాకేం లేదంటే సాలు" అంది మరదలు.

అమ్మ సరేనని, నన్ను కాగితం తెమ్మంది. మోకాళ్లు పట్టుకుని చాప మీద కూర్చుని, ఎవరెవరికి చెప్పిందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ చెప్పింది. నేను రాశాను. అమ్మవి పదకొండు ఇళ్లయ్యాయి. కింద నావి ఆరు రాశాను, అడక్కుండానే. ఇంకెవరున్నారా అని అమ్మ ఆలోచిస్తోంది. మరదలు గుమ్మం వదిలి వచ్చి, చాప అంచున కూర్చుని, కాగితం తన వైపు తిప్పుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివింది.

"కిందింటి టైలరామె" అంది.

రాశాను.